ముక్కు పైకెత్తిన చిలకలు

మా బాపు పోయిన రోజు నాకు ఏడుపు రాలేదు. మూడో రోజు పిట్టకు ముద్ద పెట్టినప్పుడు రాలేదు. పదకొండో రోజు తమ్ముడు గుండు చేయించుకొని, కొత్త జంధ్యం వేసుకొని వచ్చి నా ముందు నిలబడ్డప్పుడూ రాలేదు. కోసాడ్‌లో తమ్ముడి ఇల్లంటే రెండు గదులు, ఒక వంటగట్టు. ఆ పదకొండు రోజులూ వచ్చిపోయే వాళ్లందరికీ చాయ్ కాచి అందించింది నేనే. సూరత్‌కు వచ్చి ఎన్నేళ్లయినా మావాళ్లు చావింట్లో మాత్రం తెలుగులోనే ఏడుస్తారు. వచ్చిన ఆడవాళ్లు నా ముఖంలోకి కాసేపు చూసి, ఇక్కడ లాభం లేదనుకొని, పక్కకు జరిగి మా మరదలిని పట్టుకొని ఏడ్చేవాళ్లు. నాకు వాళ్ల మీద కోపం రాలేదు. పంటి డాక్టరు సూది వేసి పంపాక ఇంటికొచ్చి దవడను వేలితో నొక్కి చూసుకుంటాం కదా, అట్లా మధ్యమధ్యలో నన్ను నేను నొక్కి చూసుకున్నాను. ఏమీ తగల్లేదు. బాపు ఎనభై దాటి, మంచం పట్టకుండా, పొద్దున చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి పోయాడు. ఇంతకంటే మంచి చావు ఎవరికి దొరుకుతుందని అందరూ అంటుంటే తలూపుతూ కూర్చున్నాను.

పదో రోజు ఇల్లు కడగడానికి మరదలు సామానంతా వరండాలోకి తీసింది. అందులో అమ్మ ట్రంకుపెట్టె ఉంది. అమ్మ పోయి తొమ్మిదేళ్లయినా బాపు ఆ పెట్టెను ఎవరినీ ముట్టనివ్వలేదు. తెరిస్తే నాలుగు చీరలు, తమ్ముడి పుట్టువెంట్రుకల మూట, తాళంచెవి లేని ఒక తాళం, అన్నిటికంటే అడుగున పాత దినపత్రికలో చుట్టిన అట్టల కట్ట కనిపించాయి. ఇది పారేసేదేనా వదినా అని మరదలు అడిగింది. విప్పి చూస్తే చిల్లులు పొడిచిన పది అట్టలు, దారంతో ఒకదానికొకటి కుట్టి ఉన్నాయి. మూల మీద నీలం పెన్సిల్‌తో నంబర్లున్నాయి. పైన నలభై, దాని కింద ముప్పై తొమ్మిది, ముప్పై ఎనిమిది, అట్లా దిగుతూ దిగుతూ అన్నిటికీ కింద ముప్పై ఒకటి. నంబర్లు చూడకముందే నాకు తెలిసిపోయింది. పారేయొద్దని చెప్పి కట్టను నా సంచిలో పెట్టుకున్నాను. చాయ్ గిన్నె పొంగితే వెళ్లి దించాను.

అట్టల సంగతి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. చీర అంచులో పువ్వు గానీ మామిడి పిందె గానీ నేయాలంటే, ఏ పోగు లేవాలో ఏ పోగు పడుకోవాలో మగ్గానికి చెప్పేవాళ్లు ఉండాలి. మా కాలంలో అది చెప్పింది ఈ అట్టలే. ఒక్కో అట్ట ఒక్కో వరుసకు. వందల అట్టలను వరుస తప్పకుండా కుట్టి, ఆ దండను సాంచా నెత్తిన వేలాడదీస్తారు. సాంచా అంటే మావాళ్ల మాటలో కరెంటు మగ్గం. పెద్దపెద్ద కార్ఖానాల సంగతి వేరు గానీ, మా బాపు పనిచేసిన చిన్న కార్ఖానాలో అట్టలు కుట్టే పని ఇళ్లకే వచ్చేది. అందించడానికి ఒకరు, కుట్టడానికి ఒకరు కావాలి. మా ఇంట్లో కుట్టేది రాజేశం మామ. ఆయన అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు, ఊళ్లో పని లేక అక్క దగ్గరికి వచ్చి మాతోనే ఉండేవాడు. బాపే శేఠ్‌కు చెప్పి తన పక్కన పనిలో పెట్టించాడు. అందించేది నేను. అప్పుడు నేను పదో తరగతి.

అప్పట్లో సూరత్‌లోనే పర్వత్ పాటియాలో మాది ఒకటే గది. పొయ్యి ఒక మూల, నీళ్ల డ్రమ్ము ఒక మూల, మూడో మూల దేవుడు, నాలుగో మూలకు ఆ ఏడాదే టీవీ వచ్చింది. చెక్క తలుపులు జరిపి తాళం వేసుకునే టీవీ. అమ్మ దానికి కార్ఖానా గుడ్డతో ముసుగు కుట్టి, అంచుకు జాలరు కూడా పెట్టింది. తనకు జాకెట్టు కుట్టుకోవడానికి నెల పట్టేది, టీవీకి మాత్రం ఒక్క పూటలో కుట్టేసింది. ఆదివారం పొద్దున రాజుల సీరియల్ వచ్చేది. బాపు రాత్రి పాళీ డ్యూటీ చేసి ఇంటికి వచ్చేసరికి కనుబొమ్మల మీద, చెవి వెంట్రుకల మీద నూగు పేరుకొని ఉండేది. ఒంటి మీద మిషన్ ఆయిల్ వాసన, పోగులకు పట్టించే గంజి వాసన. స్నానం చేసినా ఆ రెండు వాసనలూ పోయేవి కావు, లైఫంతా పోలేదు. వస్తూవస్తూ బండి దగ్గర శనగపిండి ఫాఫ్డా కట్టించుకొని వచ్చేవాడు. అమ్మకు దానితో ఇచ్చే బొప్పాయి తురుము మీద నమ్మకం లేదు, మామిడికాయ తొక్కు వేసుకొని తినేది. మిగతా ఆరు రోజులూ ఇంటికి రాగానే పడుకునే మనిషి, ఆదివారం మాత్రం కళ్లు ఎర్రగా చేసుకొని గోడకానుకొని కూర్చునేవాడు. పక్క గది ఒడియావాళ్లు, ఎదుటి గది మరాఠీవాళ్లు ముందే వచ్చి చోటు పట్టుకునేవాళ్లు.

ఆ సీరియల్‌లో ఒక రాజు, ఇద్దరు రాణులు, నలుగురు కొడుకులు, నమ్మకూడని ఒక మంత్రి. ఏ దేశపు రాజులో, ఏ కాలపు రాజులో మాకు తెలియదు, అడగాలని కూడా తోచలేదు. ఒక్కొక్కరిదీ ఒక్కో చూపు. మామ మంత్రిని చూసేవాడు. వీపు వంచి, చేతులు వెనక్కి కట్టుకొని, వారమంతా నల్లా దగ్గరికి మంత్రిలా నడిచి అందరినీ నవ్వించేవాడు. అమ్మ పెద్దరాణిని తప్ప ఎవరినీ చూసేది కాదు. బాపుకు కథ అక్కర్లేదు, ఆయన చూసేది బట్టలే. యుద్ధం జరుగుతుంటే సైనికుడి నడుముకున్న పట్టీ నేత ఎట్లా ఉందో చెప్పేవాడు. రాణి ఏడుస్తుంటే, ఆ కాలంలో పాలిస్టర్ ఎక్కడిదని గొణిగేవాడు. మా మార్కెట్టు గుడ్డే కట్టుకొని వీళ్లు రాజులమంటున్నారని ఆయన ఫిర్యాదు. అయినా ఒక్క వారం మానలేదు. నేను మాత్రం అన్నీ చూసేదాన్ని. సోమవారం తెలుగు బడిలో అన్నం గంట కొట్టాక నా చుట్టూ పదిమంది చేరేవాళ్లు. వాళ్ల ఇళ్లలో టీవీ లేదు. నేను రాణిలా కూర్చొని, మంత్రిలా నడిచి, ఏనుగులా ఘీంకరించి కథంతా చెప్పేదాన్ని. ఇప్పుడు నలుగురి ముందు నిలబడి పాఠం చెప్పే పని, ఇట్లా నాలుగు వాక్యాలు రాసే పని అక్కడ మొదలయ్యాయని నాకు అనిపిస్తుంది.

ఆ చదువుకు బాపు పెట్టిన షరతు ఒకటి ఉండేది. మా గదుల వరుసలో ఆడపిల్లలు ఏడో తరగతితో ఆపి, చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పనికి కూర్చున్నారు. నన్ను పదిదాకా రానిచ్చాడంటే అమ్మ పోరు వల్లే. పరీక్షలు దగ్గరపడుతున్నప్పుడు ఒక రోజు బాపు అన్నం తింటూ, తల ఎత్తకుండానే చెప్పాడు.

"ఇంట్ల పని చెడకుండ చదువుకుంట అంటే చదువుకో. పనిల ఒక్క తప్పు దొర్లిన్నాడు బడి బంద్. మల్ల నన్ను అడగొద్దు."

బాపు చెయ్యి చేసుకునే మనిషి కాదు, కేకలు వేసేవాడూ కాదు. ఒక మాట అంటే జరగాల్సిందే, అంతే. నేను సరేనన్నాను. పది పాసయితే ముందుకు చదవొచ్చని, టీచరు కావొచ్చని నాకు లోపల ఒక ఆశ. అది నాకూ అమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత ఒక ఆదివారం కార్ఖానా నుంచి చిలకల అంచు అట్టలు వచ్చాయి. మర్నాటికి కావాలన్నారు. టీవీ ముందే చాప వేసుకొని కూర్చున్నాం. ఒంట్లో బాగోక బాపు ఆ పూట గోడకానుకొని కునికిపాట్లు పడుతున్నాడు. పది అట్టలొక కట్టగా పేర్చి నా పక్కన పెట్టుకున్నాను. పైనుంచి ఒక్కొక్కటి తీసి నంబరు చూసి అందించాలి, మామ మళ్లీ నంబరు చూసుకొని సూది గుచ్చాలి. అమ్మ పక్కనే సర్వపిండి తడుతోంది. సీరియల్‌లో ఆ వారమే రాజు యుద్ధంలో చనిపోయాడు. అందరూ ఏడుస్తున్నారు, చిన్నరాణి నేల మీద దొర్లుతోంది, మంత్రి కూడా కళ్లు తుడుచుకుంటున్నాడు. పెద్దరాణి ఒక్కతే ఏడవలేదు. నగలు తీయలేదు. సభలోకి నడిచి వచ్చి, మెట్లెక్కి, రాజు గద్దె మీద కూర్చుంది. గదిలో ఎవరూ ఊపిరి తీయలేదు. మొగుడు పోతే ఏడవదేమని మరాఠీ ఇంటి ముసలామె హిందీలో అడిగింది. అమ్మ పిండి చేతులతోనే, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా తెలుగులో జవాబు చెప్పింది.

"ఏడ్వది. ఏడిస్తే గద్దె పోతది."

ఆ కాసేపట్లోనే ఒక కట్టను నేను పైనుంచి కాకుండా కింది నుంచి తీసి అందించాను. నా చెయ్యి దాని పని అది చేసుకుపోయింది, కళ్లు మాత్రం గద్దె మీదున్నాయి. మామ చెయ్యి కూడా ఆగలేదు. కుట్టు పూర్తయింది, దండ మడిచి మూట కట్టాం, సాయంత్రానికి వచ్చి తీసుకుపోయారు.

తర్వాతి రోజే బాపుకు జ్వరం పట్టుకుంది. ఆయన నిలబడాల్సిన సాంచాల మీద మామ నిలబడ్డాడు. ఆ చీరలు బోర్లా నేసేవి. గుడ్డ ముఖం కిందికి ఉంటుంది, నేసేవాళ్లకు వీపే కనిపిస్తుంది. తాకా, అంటే నేసిన గుడ్డ చుట్ట, మొత్తం దింపి, తిరగేసి విప్పితే గానీ చిలక ముఖం చూడలేం. అట్లా విప్పేసరికి మామ చాలా తాకాలు దింపేశాడు. ప్రతి చిలకా అందంగానే ఉంది, ఒళ్లు, రెక్క, తోక అన్నీ ఉన్నాయి, ముక్కు మాత్రం కిందికి వంగాల్సింది పైకి తిరిగి ఉంది. అంచు పొడుగునా వరుసగా చిలకలు, అన్నీ ముక్కులు పైకెత్తి వాన కోసం చూస్తున్నట్టు నిలబడ్డాయి. మాలంతా శేఠ్ లోపం సరుకని సెకండ్స్‌లో తీసేశాడు. బాపును అట్టలతో నడిచే జకార్డ్ సాంచాల మీంచి దించి సాదా గుడ్డ నేసే వైపు వేశాడు. పాతికేళ్లు చేసి సంపాదించుకున్న పేరు అది. ఊళ్లో మా తాత చీర నేస్తే తప్పు పోగు వెతికినా దొరకదనేవాళ్లట, ఆయన కొడుకు ఆ పూట నుంచి తెల్లటి సాదా గుడ్డ ముందు నిలబడ్డాడు.

ఆ సంగతి శేఠ్ మనిషి వచ్చి మా ఇంట్లో చెప్పి బాపును రమ్మన్నాడు. బాపు కార్ఖానాకు వెళ్లి తిరిగొచ్చేలోపు అమ్మ, మామ బయట నల్లా దగ్గర నిలబడి మాట్లాడుకోవడం నేను కిటికీలోంచి చూశాను. అమ్మ మామ రెండు చేతులూ గట్టిగా పట్టుకొని ఏదో చెబుతోంది. తమ్ముణ్ని తిడుతోందనుకున్నాను. బాపు వచ్చాడు. చేతిలో చీర ముక్క, తిరగబడ్డ ఈ పది అట్టలు ఉన్నాయి. దండ నుంచి ఆ ముక్కను కోసి తెచ్చాడు. చూడగానే ఆయనకు తెలిసిపోయింది, ఇది కుట్టిన చేతిది కాదు, అందించిన చేతిదని.

"అట్టలు ఎవరు అందించిన్రు?"

నేను నీళ్ల డ్రమ్ము పక్కన నిలబడి ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. బడి బంద్ అన్న మాట తప్ప నా తలలో ఇంకేమీ లేదు. అమ్మ నా వైపు చూడలేదు. మామే ముందుకు వచ్చి, నేనే తీసుకున్న బావా, నేనే కుట్టిన అన్నాడు. బాపు నమ్మాడో లేదో నాకు ఈ రోజుకూ తెలియదు. నీకు పని చూపిచ్చింది నేను, నా ఇజ్జత్ తీసింది నువ్వు, ఇగ ఈ గడప తొక్కకు అన్నాడు. ఆ మధ్యాహ్నమే మామ బట్టలు సర్దుకున్నాడు. అమ్మ ఆయనకు అన్నం పెట్టింది, దారిలోకి రొట్టెలు కట్టి ఇచ్చింది, వీధి చివరిదాకా వెళ్లి తిరిగొచ్చి గిన్నెలు కడిగింది. ఒక్క చుక్క నీళ్లు కళ్లలోంచి రాలేదు. పదో తరగతి పరీక్షలు నేను రాశాను.

మామ ఎక్కువ దూరం పోలేదు. హజీరాలో ఉక్కు కంపెనీలో కాంట్రాక్టు పనికి కుదిరి, అక్కడే గది తీసుకున్నాడు. ఒకే ఊరు, బస్సెక్కితే వెళ్లొచ్చు, అయినా మళ్లీ మా ఇంట్లో అడుగు పెట్టలేదు. ఏటా రాఖీ పున్నమకు మాత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకొని కంపెనీ బస్సు ఆగే రోడ్డుకు వెళ్లేది. ఇంట్లో బాపు జంధ్యం మార్చుకునే పూట, మేం రోడ్డు పక్కన నిలబడి ఉండేవాళ్లం. మామ ఒంటి నిండా ఇనుప ధూళితో బస్సు దిగేవాడు. అమ్మ రాఖీ కట్టి, నోట్లో ఇంత మిఠాయి పెట్టి, నేను ఏం చదువుతున్నానో చెప్పేది. పదకొండయింది, పన్నెండయింది, టీచర్ ట్రైనింగ్‌లో సీటొచ్చింది. ఇంకో మాట ఉండేది కాదు. ఎండలో నిలబడ్డ మనిషి ముందు నా చదువు గొప్పలేమిటని నాకు సిగ్గుగా ఉండేది. చెప్పేయాలని ప్రతిసారీ అనుకునేదాన్ని. బస్సు కదిలేది.

మామ వెళ్లిపోయాక అమ్మ ఆ సీరియల్ చూడటం మానేసింది. ఆదివారం ఆ వేళకు బట్టలు ముందేసుకొని నల్లా దగ్గర కూర్చునేది. మేం మానలేదు. నేను అసలే మానలేదు. కొన్ని నెలలకు ఒక ఆదివారం పెద్దరాణి సభకు వచ్చింది, ఆకుపచ్చ చీర, ఎర్రంచు. గద్దె మీద కూర్చొని కొంగు సర్దుకుంది. కెమెరా దగ్గరికి వచ్చింది. అంచు పొడుగునా చిలకలు, అన్నీ ముక్కులు పైకెత్తి ఉన్నాయి. సెకండ్స్ మూటలు బొంబాయి ఎట్లా చేరాయో, రాణిగారికి ఎవరు కొనిపెట్టారో దేవుడికెరుక. బాపు లేచి టీవీ దగ్గరికి వెళ్లి వంగి చూశాడు. అద్దం మీద వేలు పెట్టాడు. ఇది మన మాలే అన్నాడు. గది గదంతా గోలెత్తిపోయింది. ఒడియా ఆయన పరిగెత్తి వెళ్లి జిలేబీ తెచ్చాడు. సాదా గుడ్డ వైపు వేశాక తల దించుకు నడిచే మా బాపు ఆ రోజు వీధిలో నలుగురి మధ్య నిలబడి, ఆ చిలకలు ఎట్లా నేశారో చేతులతో చూపిస్తుంటే నేను చూశాను. అమ్మ తడి చేతులతో గడపలోకి వచ్చి నిలబడింది. ఇగనన్న మా తమ్ముని పిలువరాదు అంది. రాణి కట్టుకున్నంత మాత్రాన తప్పు ఒప్పయితదా అన్నాడు బాపు. అమ్మ మళ్లీ నల్లా దగ్గరికి వెళ్లిపోయింది.

చెప్పాల్సిన రోజు ఏదైనా ఉందంటే అదే. బాపు సంతోషంగా ఉన్నాడు, పరీక్షలు అయిపోయాయి, బహుశా క్షమించేవాడు. నేను జిలేబీ తింటూ మిగతా సీరియల్ చూశాను. నిజం చెప్పాలంటే నా చిన్నతనంలో అంత ఆనందంగా గడిచిన ఆదివారం ఇంకోటి లేదు. నేను తప్పుగా అందించిన అట్టలు రాణి భుజం మీద కూర్చున్నాయని, అది లోకంలో నాకొక్కదానికే తెలుసని లోలోపల మురిసిపోయాను. తర్వాత ఎన్నేళ్లు ఎంత బాధపడ్డా, ఆ పూట మురిసిన మాట అబద్ధం కాదు. అమ్మ పోయినప్పుడు మామ శ్మశానం గేటు బయటే నిలబడి, పొగ లేచేదాకా ఉండి వెళ్లిపోయాడు. అప్పుడూ నేను దగ్గరికి వెళ్లలేదు. అప్పటి నుంచే నా లోపల ఏదో మొద్దుబారడం మొదలైందేమో.

పదకొండో రోజు భోజనాలయ్యి చుట్టాలంతా వెళ్లాక, మధ్యాహ్నం మూడింటికి మామ వచ్చాడు. అరవై దాటిన మనిషి, జుట్టంతా తెల్లబడింది, నడుం కొంచెం వంగి నిజంగానే ఆ మంత్రిలా నడుస్తున్నాడు. మేనమామ పెట్టాల్సిన బట్టలు చేతి సంచిలో తెచ్చాడు. చెప్పులు విడిచి గడప బయటే ఆగాడు. ఇది ఆ గడప కూడా కాదు, ఆ గది అమ్మి ఎన్నో ఏళ్లయింది.

"రావచ్చునా కోడలా?"

"బాపు లేడు గద మామా. రా," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి అంత మామూలుగా ఎట్లా వచ్చిందో.

లోపల తమ్ముడి కూతురు ప్రియ టీవీకి ఫోన్ తగిలించి ఏదో వెతుకుతోంది. పదకొండు రోజులు టీవీ పెట్టలేదని దాని బాధ. ఇప్పటి పిల్లలకు ఆదివారం కోసం ఆగే పని లేదు, ఏది కావాలంటే అది ఆ క్షణానే. వాళ్ల నాన్న పనిచేసే కార్ఖానాలో అట్టలూ లేవు, డిజైన్ పెన్‌డ్రైవ్‌లో వచ్చి తెర మీద కనిపిస్తుంది, తప్పుంటే నేయకముందే సరిచేస్తారు. మంచిదే. అందరం ఒకే పెట్టె ముందు చేరి, ఒకే రాణి కోసం ఊపిరి బిగబట్టిన రోజులు ఇంతకంటే మంచివని నేననను. ఆ రోజుల్లో ఒక్క తప్పుకు ఒక మనిషి ఇల్లు పోయేది. ప్రియ నన్ను చూసి, నవ్వొచ్చో లేదో తేల్చుకోలేక కొంచెం నవ్వింది.

"అత్తా, నువ్వు చెప్తుంటవు గద, ఆ రాజుల సీరియల్. పూరా ఉన్నది ఇందుల. లగావూఁ?"

పెట్టమన్నాను. మామకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. పాట మొదలైంది, ఏనుగులు వచ్చాయి. ఇంక ఎందుకు ఆగాలో తెలియలేదు. సంచిలోంచి అట్టల కట్ట తీసి మామ ముందు పెట్టి, ఇవి కింది నుంచి తీసి అందించింది నేనని, ఆ రోజు నోరు విప్పలేదని చెప్పాను. మామ కట్టను చేతిలోకి తీసుకొని నంబర్లు ఒక్కొక్కటే చూశాడు.

"ఎరుకనే," అన్నాడు. "నంబరు చూసుకోవాల్సింది నేను. చూసుకోలె. నా కండ్లు గూడ గా రాణి మీదనే ఉండె."

"మరి నువ్వొక్కనివే ఎందుకు మీదేసుకున్నవ్?"

"మీ అమ్మ నల్లా కాడ నా రెండు చేతులు పట్టుకున్నది. పిల్ల పేరు రానియ్యకు రాజేశం, దాని బడి ఆగిపోతది, నువ్వు మొగోనివి, యాడన్న బతుకుతవ్ అన్నది." మామ చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "గందుకే ప్రతి రాఖీకి నీ క్లాసు చెప్పేది. నేను పోయింది ఉత్తగ పోలేదని నాకు తెల్వాలె గద."

నేను రోడ్డు పక్కన సిగ్గుపడుతూ నిలబడ్డ రోజులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అమ్మ తన తమ్ముణ్ని ఇచ్చి నన్ను నిలబెట్టుకుంది. ఆ అట్టలను బాపు విసిరేస్తే తీసి దాచుకుంది. ఎవరి మీద కోపంతో కాదు, ఇదిగో ఇంత పెట్టాను అని తనకు తానే గుర్తుంచుకోవడానికి కావొచ్చు. నాకు అప్పుడూ ఏడుపు రాలేదు. కానీ వేలితో నొక్కితే ఎక్కడో అడుగున సన్నగా తగిలింది.

మామ ఇంట్లో గట్టి దారం ఉందా అని అడిగాడు. మరదలు దారం ఉండ, పెద్ద సూది తెచ్చిచ్చింది. ఆయన పాత కుట్టు పంటితో కొరికి విప్పి, పది అట్టలూ విడదీసి, నా వైపు జరిపాడు. ఇప్పుడు వీటితో పనేముందని నేను అడగలేదు. ముప్పై ఒకటి పైకి వచ్చేలా పేర్చుకున్నాను. నంబరు చూసి అందించాను. ఆయన కళ్లజోడు సర్దుకొని నంబరు చూసుకొని సూది గుచ్చాడు. ముప్పై రెండు. ముప్పై మూడు. చేతులు పని మరిచిపోలేదు. ప్రియ దేన్నో ముందుకు జరిపి జరిపి ఒకచోట ఆపింది. మేం అట్లా ముప్పై ఆరు దాకా వచ్చాం.

మామ చెయ్యి గాలిలో చాపి ఉందని నాకు కొంచెం ఆలస్యంగా తెలిసింది. తెర మీద పెద్దరాణి గద్దె మెట్లు ఎక్కుతోంది. నేను టీవీ చూస్తున్నాను. తల తిప్పితే మామా చూస్తున్నాడు, సూది పట్టుకున్న చెయ్యి మోకాలి మీద ఆగి ఉంది.

"ఏడ్వదు సూడు," అన్నాడు.

"ఏడిస్తే గద్దె పోతది," అన్నాను.

"నీకేం గద్దె ఉన్నది కోడలా," అన్నాడు మామ, టీవీ మీంచి కళ్లు తిప్పకుండానే.

ఆ సీను అయిపోయేదాకా ఇద్దరం ఆగాం. తర్వాత తీసిన అట్ట మీద నంబరు నాకు సరిగ్గా కనిపించలేదు. కొంగుతో కళ్లు తుడుచుకొని, ముప్పై ఏడేనని రెండుసార్లు చూసుకొని, అందించాను.